పగడపు తొట్టి క్రింది సంపు: దానిని శుభ్రపఱచు విధము



నేటి ప్రసంగవిషయము మీలో పెక్కురకు వింతగా తోచవచ్చును. ఇది పైరులను గూర్చినది కాదు, పశువులను గూర్చినదియు కాదు. గాజుతొట్టిలో సముద్రజలము నింపి, అందు పగడపు జీవులను, సముద్రపు చేపలను పెంచువారు ఆ తొట్టి క్రింద అమర్చుకొను సంపును గూర్చియు, ఆ సంపులో ఒక భాగమైన నాచుగదిని గూర్చియు చెప్పబూనితిని. సంపు అను మాట మీకు క్రొత్తది కాదు. పట్టణములలో ఇంటి ముంగిట నేలలో కట్టించిన నీటితొట్టిని మనవారు అట్లే పిలుచుచున్నారు. నేను చెప్పబోవునదియు నీటితొట్టియే. కాని అందలి నీరు త్రాగుటకు గాని, స్నానమునకు గాని పనికి వచ్చునది కాదు.

మన దేశములో ఇట్టి తొట్లు మిక్కిలి అరుదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునందలి మొదటి షెడ్యూలులో 2001లో రాతిపగడములను చేర్చిరి. అందువలన మన్నారు సింధుశాఖనుండి గాని, కచ్ సింధుశాఖనుండి గాని, అండమాను దీవులనుండి గాని, లక్షదీవులనుండి గాని వానిని తీయుట నేరము. ఈ పెంపకము హెచ్చుగా అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా మొదలగు దేశములలోనిది. అయినను మన పల్లెలకు దీనితో పని లేకపోలేదు. మీ కుమారులును, మనుమలును ఆ దేశములలో ఉన్నారు. వారిలో కొందఱికి ఈ వేడుక కలదు. మీరు వారివద్దకు పోయి ఆఱేసి నెలలు ఉండి వచ్చుచున్నారు. ఒకనాడు కుమారుడు పయనమై, "నాన్నగారూ, పది దినములు మేము ఊర ఉండము. చేపలకు ఇంత మేత వేయండి, తొట్టిని కనిపెట్టి చూచుచుండండి" అని చెప్పి పోవును.

మన పెద్దలు ఊరక కూర్చుండజాలరు. రెండవనాడు తొట్టి క్రింది బీరువా తలుపు తెఱతురు. అందు గోధుమవన్నె మడ్డి, చిక్కుపడిన పచ్చని నాచు, నలుపు తిరిగిన నురుగుతో నిండిన గిన్నె కానవచ్చును. వాసన చెప్పనక్కఱలేదు. "పైన దేవలోకమువలె నున్నదే, క్రింద ఇంత రోతయా!" అని, కొళాయినీరు పట్టి, సబ్బు రాచి, కొబ్బరిపీచుతో తళతళలాడునట్లు తోమి పెట్టుదురు. కొడుకు మీది ప్రేమచేతనే చేయుదురు. ఆ వారము గడచులోపల పై తొట్టిలోని జీవములు ఒక్కటొక్కటిగా చచ్చినను చావవచ్చును. ఏండ్ల తరబడి పెంచిన పగడములు మరల రావు. కాబట్టి ఆ సంపులో ఏది మురికి, ఏది కాదు, దేనిని ఎంతవఱకు తీయవచ్చును అను సంగతి ముందే తెలిసియుండుట మంచిది.

సముద్రజీవులను గాజుతొట్టిలో ఉంచి చూపుట క్రొత్త కాదు. లండను జంతుప్రదర్శనశాలలో 1853లోనే అట్టి భవనము తెఱచిరి. పగడములను బ్రదికించుట మాత్రము చాలకాలము దుస్సాధ్యముగా నుండెను. జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్ అనువాడు 1961లో ఒక వ్యాసము ప్రకటించి, సముద్రములోనుండి తెచ్చిన సజీవమైన రాళ్లు, వెలుతురు, గాలిబుడగలు వీనితోనే తొట్టి నడుచునని తెలిపెను. ఆయనకు సముద్రము చేరువ. దూరమున నున్నవారికి అంత సులువు కాలేదు. పిమ్మట వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ అను శాస్త్రజ్ఞుడు, నీటిని పలుచగా పాఱించి దీపముల వెలుతురున నాచు పెంచి, ఆ నాచును గీకి పాఱవేయుచు పగడపు తొట్టిని నడుపవచ్చునని చూపెను. అట్టి తొట్టి అచ్చటి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో 1980లో జనులకు చూపబడినది. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ పట్టణమున 1987లో తెఱచిన పెద్ద పగడపు తొట్టికిని మొదట ఈ పద్ధతినే అవలంబించిరి. ఇంటితొట్టి క్రిందనుండు నాచుగది ఈ ఆలోచనకు చిన్న తమ్ముడని చెప్పవచ్చును. దానికి లాటిను మూలమైన రెఫ్యూజియము అను పేరు కలదు. శరణు దొరకు చోటని అర్థము. ఆ పేరెందుకు వచ్చినదో చెప్పెదను.

ముందు నీటి దారి వినుడు. చెఱువు నిండినపుడు అలుగు పాఱునట్లు, పై తొట్టిలోని మీదిమట్టపు నీరు ఒక గండినుండి పొరలి, గొట్టము గుండ క్రింది సంపులోనికి దిగును. సంపులో అడ్డముగా గాజుపలకలు నిలిపి మూడు నాలుగు అఱలు చేసియుందురు. మొదటి అఱలో నీరు ఒక వడపోత సంచిలో పడును. రెండవ అఱలో నురుగుయంత్రము ఉండును, దానిని స్కిమ్మరందురు. బెల్లము వండువారు పెనములో పొంగి తేలిన మడ్డిని జల్లిగరిటతో తీయుట మీరెఱుగుదురు. ఇదియు అట్టిదే. నీటిలోనికి మిక్కిలి సన్నని గాలిబుడగలు పంపగా, చేపల విసర్జనలోని జిడ్డుపదార్థములు ఆ బుడగలను అంటిపెట్టుకొని నురుగై పైకెక్కి గిన్నెలో చేరును. మూడవది నాచుగది. ఇచ్చట నీటివడి తక్కువ. పైన ఒక దీపము. కడపటి అఱలో నీటిని మరల పైకి త్రోయు పంపు ఉండును.

నాచుగదిలోనికి చేపలు రాలేవు. మన కుంటలలో తూటికాడల నడుమ, తుంగలో చిన్న ప్రాణులు దాగి పెరుగునట్లే, ఇచ్చటి నాచులో కోపిపాడులను నలుసంత రొయ్యజాతి పురుగులు వేలకొలది పుట్టి పెరుగును. అవి కొన్ని పంపుతో పైకి పోయి చేపలకు ఆహారమగును. మాండరిన్ అను రంగుల చేప వీనినే దినమెల్ల ఏఱుకొని తినును. ఇవి కొఱవడిన తొట్టిలో అది చిక్కి శల్యమై చచ్చును. ఇందుచేతనే శరణాలయమను పేరు. కోరంగి మడ అడవులలో వేళ్ల సందున చేపపిల్లలు, రొయ్యపిల్లలు తలదాచుకొని పెరుగుట చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనవసరము లేదు. కొందఱు నాచుగదిలో మడమొక్కలను సైతము నాటుదురు. చూపునకు బాగుండును గాని అవి మెల్లగా ఎదుగును గనుక నీటికి చేయు మేలు స్వల్పము.

ఇక మురికి సంగతి. చేప విసర్జించినదానినుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. రాళ్ల మీదను, ఇసుకలోను, సంపు గోడల మీదను జిగురువలె అంటియున్న సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. నైట్రేటు చేపలకు అంతగా కీడు చేయదు గాని, మితిమీరినచో పగడములకు మంచిది కాదు. పైతొట్టి అంతయు పాచిపట్టును. రాళ్ల లోతులలో, గాలి చొరని చోట, వేఱొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటును గాలిలోని నత్రజనిగ మార్చి పంపివేయును. మిగిలిన నైట్రేటును, దానితోబాటు భాస్వరమును నాచు పీల్చుకొని పెరుగును.

కర్షకులైన మీకు ఇది వెంటనే బోధపడును. చేనిలో కలుపుమొక్కను పీకి అచ్చటనే త్రొక్కినచో అది క్రుళ్లి ఎరువగును, పైరునకు మేలు. ఇచ్చట మనకు కావలసినది దానికి సరిగా విరుద్ధము. ఎరువు నీటిలోనుండి వెలికి పోవలెను. నాచు పెరిగినంతమాత్రమున నీరు శుభ్రపడినట్లు కాదు. దానిని కోసి బయట పెట్టిననాడే ఆ ఎరువు తొట్టిని విడిచినట్లు. కోయక విడిచినచో లోపలి పోగులకు వెలుతురు అందక, పసుపువన్నెకు తిరిగి, చిట్లి, క్రుళ్లి, పీల్చినదంతయు నీటికే తిరిగి ఇచ్చును. నాచుగదిని నిర్లక్ష్యము చేసినవాని తొట్టికంటె నాచుగది లేనివాని తొట్టియే మేలని నా అభిప్రాయము.

ఇప్పుడు కడుగుట. పైని చెప్పిన జిగురుపొర మురికి కాదని మొదట గుర్తింపవలెను. పెరుగు తోడుపెట్టుటకు కొంచెమైనను నిన్నటి పెరుగు మిగుల్చుకొనునట్లు ఆ పొరను మిగుల్చుకొనవలెను. ముదిరిన తొట్టిలో హెచ్చుభాగము పై రాళ్లలోనే ఉండుటచే, సంపు గోడలు కొంత గీకినందున ప్రమాదము లేదు. కాని సంపులోని రాళ్లు, ఇసుక, నాచు, గోడలు అన్నియు ఒక్కనాడే కడుగరాదు. కొళాయినీరు అసలు తగులరాదు. పురపాలకసంఘములు ఆ నీటిలో క్లోరిను కలుపును. అమెరికాలో చాలచోట్ల క్లోరమీను కలుపుదురు. అవి మనుష్యులకు మేలుచేయుట సూక్ష్మజీవులను చంపుటచేతనే. ఇచ్చట అదియే కీడు. సబ్బు పనికిరాదు. రాగిచెంబు, ఇత్తడిబిందె ముంచరాదు. మనకు పవిత్రమైన ఆ లోహము అతిస్వల్పముగా కరగినను పగడములకును, రొయ్యలకును, నత్తలకును విషము. ప్లాస్టిక్ పాత్రలే వాడవలెను. అట్లే దోమలమందు ఆ గదిలో చల్లరాదు. అది రొయ్యజాతి జీవులకును, చేపలకును ప్రాణాంతకము.

వడపోత సంచిని మూడు నాలుగు దినముల కొకమాఱు మార్చవలెను; వారము దాటనీయరాదు. సంచి మురికిని పట్టియుంచును గాని పోగొట్టదు. అందు నిలిచిన మేత, పెంట నీటిలోనే క్రుళ్లుచుండును. సంచిని తిరుగవేసి వేడినీటితో ఉతికి, ఎండలో పెళపెళలాడునట్లు ఆఱవేయవలెను. దీనిని మాత్రము కొళాయినీటితో ఉదుకవచ్చును, ఏలయన పూర్తిగా ఆఱిన పిదపనే మరల తొట్టిలోనికి పోవును. ఇట్టి సంచులు నాలుగైనను ఉండుట మంచిది.

నురుగుగిన్నెను వారమున కొకటి రెండుమాఱులు పాఱబోసి తుడువవలెను. గిన్నె నిండుటకంటె దాని మెడలోపల పట్టిన జిడ్డే చెఱుపు. ఆ జిడ్డు తగిలి నురుగు పైకెక్కలేక పగిలిపోవును. మెడను తుడిచిన కొన్ని గంటలవఱకు నురుగు సరిగా రాకపోవచ్చును. యంత్రము చెడినదని మరలు త్రిప్పకుడు.

సంపు అడుగున చేరిన మడ్డిని నెలకొకటి రెండుమాఱులు, నీరు మార్చునపుడు తీయుదురు. ముందు పంపు ఆపవలెను, లేనిచో కదలిన మడ్డి పైకి పోయి పగడముల మీద పడును. వేలిలావు సైఫను గొట్టముతో, అలికినట్లుగా నెమ్మదిగా, అడుగును పీల్చి బాల్టీలోనికి వదలవలెను. ఈమాఱు ఒక సగము, మరుమాఱు ఇంకొక సగము. ఆ మడ్డిలో సన్నని పురుగులు మెదలుట చూచి అసహ్యింపకుడు. అవి మన పొలములోని వానపాములవలె పనిచేయు జీవములు. నాచుగదిలో నాలుగైదు అంగుళముల మందమున ఇసుక పఱచియున్నచో దానిని కెలుకరాదు. గాజుగుండ చూచిన అడుగున నల్లని చాఱలు కనబడవచ్చును. అచ్చట గాలి లేనందున క్రుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టియుండును. కదలింపకయున్నంతకాలము అది అచ్చటనే అడగియుండును. పలుగుపెట్టి తిరుగవేసినట్లు ఇసుకను తిరుగవేసినచో ఒక్కసారి నీటిలో కలసి చేపలను చంపును.

తీసిన నీటికి బదులు క్రొత్తనీరు పోయవలెను. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టి 324 లీటర్లు పట్టును. అందు పదవవంతు, అనగా రమారమి 32 లీటర్లు మార్చవలెననుకొందము. లీటరున కించుమించు 35 గ్రాముల లవణము చొప్పున ఒక కిలోకు పైగా వలయును. ఇది కూరలో వేయు ఉప్పు కాదు. సముద్రలవణములో నాలుగింట మూడుపాళ్లకు కొంచెము మించి మాత్రమే మనము తిను ఉప్పు. తక్కినది మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము, గంధకము మొదలగువాని లవణములు. అంగడిలో దీనికై వేఱుగ అమ్ముదురు. ముందునాడే శుద్ధజలములో కలిపి, త్రిప్పుచు ఉంచి, తొట్టినీటి వేడిమికి సమముగా వచ్చిన పిదపనే పోయవలెను.

మడ్డికంటెను, నాచుకంటెను క్రొత్తవానిని మోసపుచ్చునది నీటిమట్టము. పై తొట్టిమట్టము ఎన్నడును తగ్గదు. ఎండిపోయిన నీరంతయు సంపులోని కడపటి అఱలోనే తగ్గినట్లు కనబడును. అది చూచి ఉప్పునీరు పోయరాదు. నౌపడలోను, చినగంజాములోను ఉప్పుమళ్లలో జరుగునదేమి? నీరు ఆవిరియై పోవును, ఉప్పు మడిలో మిగులును. ఇచ్చటను అంతే. కాబట్టి తగ్గినది మంచినీరు. పోయవలసినదియు శుద్ధిచేసిన మంచినీరే. రోజురోజు ఉప్పునీరు పోసినచో పదిదినములకు తొట్టి ఉప్పుమడి యగును.

అట్లని సంపును నోటివఱకు నింపరాదు. కరెంటు పోయినపుడు పంపు ఆగును. పై తొట్టిలో గండిమట్టమునకు పైనున్న నీరు, పంపుగొట్టము మునిగియున్నంతమేర నీరు, క్రిందికి దిగివచ్చును. ఇందాక చెప్పిన తొట్టిలో రెండున్నర సెంటీమీటర్ల మట్టము దిగినచో 13 1/2 లీటర్లు. అంత చోటు సంపులో ఖాళీగా నుండవలెను. అందుకే గాజుమీద ఒక గీత గీసియుందురు; ఆ గీత దాటరాదు. సంపు నిండుగా నుండుట చూచి సంతోషించినవానికి కరెంటు పోయిన రాత్రి ఇల్లంతయు సముద్రమగును.

కొందఱు ఆ పోయు మంచినీటిలో సున్నపుతేట కలుపుదురు. పగడము తన ఎముక కట్టుకొనుటకు కాల్షియము కావలెను. సముద్రములో లీటరునకు 400 మిల్లిగ్రాములకు పైచిలుకు ఉండునది, పగడము పెరిగినకొలది తఱుగుచుండును. సున్నపుతేట ఆ లోటు తీర్చును. అయితే అది తీవ్రమైన క్షారము. రాత్రివేళ బొట్లుబొట్లుగా పడవలెను. చెంబెడు ఒక్కసారి కుమ్మరించినచో చేపల మొప్పలు కాలిపోవును. ఈ సున్నమే క్రమక్రమముగా పంపులోపల తెల్లని పెచ్చుగా గట్టిపడును. మూడు నాలుగు నెలలకొకమాఱు పంపును విప్పి, నీటితో సగపాలు కలిపిన వెనిగరులో కొన్ని గంటలు నానబెట్టిన పెచ్చు కరగిపోవును. పిమ్మట బాగుగ కడిగి పెట్టవలెను. పంపు ఆగిన తొట్టిలో చేపలకు ఊపిరి కఱవగును గనుక, ఒక పంపు నానుచుండగా ఇంకొకటి పనిచేయునట్లు రెండు కొనియుంచుకొనుట వివేకము.

నాచును కోయు విధము. నాచుగదిలో హెచ్చుగా పెంచునది కీటోమార్ఫా అను జాతి. పచ్చని సేమ్యా చిక్కుపడినట్లుండును. అది గదినిండ అల్లుకొన్నపుడు మూడవవంతు మొదలు సగమువఱకు తీయవలెను. తీసినదానిని బాల్టీలో ఆ తొట్టినీటిలోనే నాలుగుమాఱులు జాడించినచో చిన్న పురుగులు రాలును. ఆ నీటిని మరల గదిలో పోయవలెను. మిగిలిన నాచును తలక్రిందులుగా త్రిప్పి వెలుతురు అందునట్లు పెట్టవలెను. నాచుగది దీపమును పై తొట్టిదీపము ఆర్పిన పిదప రాత్రివేళ వెలిగింతురు. రాత్రి చేపలు, పగడములు విడుచు బొగ్గుపులుసుగాలి నీటిని ఆమ్లమువైపు లాగును. నాచు ఆ గాలిని పీల్చి నీటిని కొంతవఱకు సమముగా ఉంచును. కావున రాత్రి క్రింది బీరువాలో దీపము వెలుగుచున్నదని, కరెంటు వ్యర్థమగుచున్నదని ఆర్పివేయకుడు.

నాచు తెల్లబడి, పెరుగుట మానినచో నీటిలో దానికి మేత చాలలేదని అర్థము. అప్పుడు కోయుట ఆపి, దీపపు గంటలు తగ్గింపవలెను. నైట్రేటు, భాస్వరము బొత్తిగా లేకుండ చేసినను పగడములు వెలవెలబోవును. నీరు అద్దమువలె ఉండుటయే పరమావధి అనుకొనువారు ఇందుచేతనే తఱచు దెబ్బతినుచున్నారు.

చేతులను గూర్చి రెండు మాటలు. సంపులో చేయి పెట్టకముందు కరెంటు ఆపవలెను. తీగలు సాకెట్టుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు ఉన్నచో వానివెంట జాఱిన నీటిబొట్టు సాకెట్టులోనికి పోక నేలపడును. చేతికి గాయమున్నచో రబ్బరు తొడుగులు లేక పని ముట్టరాదు. ఈ నీటిలో నుండు ఒక జాతి సూక్ష్మజీవివలన మానని పుండ్లు లేచును. వీనికంటె ఘోరమైనది మఱియొకటి కలదు. పాలిథోవా అను గుండీలవంటి మెత్తని జీవము రాళ్లమీద తనంత తాను వ్యాపించును. అందు కొన్నింటిలో పాలిటాక్సిన్ అను మహావిషము కలదు. హవాయి దీవులలో దొరికిన అట్టి జీవమునుండి 1971లో దానిని మొట్టమొదట వేఱుచేసిరి. రాయి శుభ్రపడునని వేడినీరు పోసి, లేక కాచి, ఆవిరి పీల్చి కుటుంబములతో ఆసుపత్రి పాలైనవారు పలుదేశములలో ఉన్నారు. తొట్టిరాయిని మరుగబెట్టరాదు, గట్టిగా తోమరాదు. ఈ ఒక్కమాట తక్కిన అన్నిటికంటె గట్టిగా జ్ఞాపకముంచుకొనుడు.

కోసిన నాచును ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలినది. పెరటికాలువలో పాఱవేయుదమనిపించును. నాచుగదులలో మునుపు కాలెర్పా అను జాతిని హెచ్చుగా పెంచెడివారు. అందమైన ఆకు, త్వరగా పెరుగును. అందొక దోషము కలదు: ఒక్కొక్కప్పుడు ఆ నాచు తనలోని జీవపదార్థమంతయు బీజరూపమున ఒక్కరాత్రిలో నీటిలోనికి విడిచి, తాను తెల్లని తొడుగై మిగులును. నీరు పాలవలె పచ్చగా మాఱి, ఊపిరివాయువు తగ్గి చేపలు రొప్పును. అయినను దాని నిజమైన కీడు ఇంట కాదు, బయటనే జరిగినది. జర్మనీలోని స్టుట్‌గార్టు పట్టణపు విల్‌హెల్మా జంతుప్రదర్శనశాలలో పెంచిన కాలెర్పా టాక్సిఫోలియా అను జాతి చలికి ఓర్చునదిగ నుండెను. అది మొనాకోలోని సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు చేరెను. 1984లో ఆ భవనము క్రింది సముద్రములో చదరపు మీటరు మేర మొలచియుండుట కనుగొనిరి. నీస్ నగరపు ఆచార్యుడు అలెగ్జాండర్ మెనేజ్ ఎంత హెచ్చరించినను అది మొలచిన చోటే ఉండనిచ్చిరి. 1990 తరువాత అది మధ్యధరాసముద్రపు అడుగున వేలకొలది హెక్టారులు ఆక్రమించి, చేపలు పెరుగు సముద్రపుగడ్డి మైదానములమీదికి ప్రాకినది. పిదప చాలచోట్ల దానంతట తగ్గినది గాని, జరిగిన నష్టము జరిగినది.

కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుకయ్యలో ఆ నాచే 2000లో కనబడెను. అచ్చటివారు ఆలస్యము చేయలేదు. నల్లని పట్టాలు కప్పి, క్రింద క్లోరిను ఎక్కించి చంపిరి. నిర్మూలమైనదని 2006లో ప్రకటించుటకు 70 లక్షల డాలర్లకు పైగా వ్యయమైనది. 2001లోనే ఆ రాష్ట్రము తొమ్మిది కాలెర్పా జాతులను ఉంచుకొనుటను నిషేధించినది. అయినను ఆ కులపు వేఱొక జాతి అచ్చటి న్యూపోర్టు కయ్యలో 2021లో మరల బయటపడినది. గుఱ్ఱపుడెక్క కథ ఎఱిగిన మనకు దీనిలో ఆశ్చర్యమేమి? దక్షిణ అమెరికానుండి పూల అందమునకై తెచ్చినది నేడు మన కాలువలను, చెఱువులను మూసివేయుచున్నది కదా. మన తీరముననే, సాగుకై తెచ్చిన కప్పాఫైకస్ అను విదేశపు నాచు మన్నారు సింధుశాఖలోని పగడములమీద అల్లుకొన్నదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

కాబట్టి కోసిన నాచును, అది ఏ జాతిదైనను, వానకాలువలో గాని, ఏటిలో గాని, సముద్రములో గాని వేయరాదు. కాలెర్పా ముక్క వ్రేలెడైనను మరల మొలచును. నాచును సంచిలో మూటగట్టి ఒకదినము మంచుపెట్టెలో గడ్డకట్టించి, పిమ్మట చెత్తబుట్టలో వేయవలెను. ఎండ బాగుగ నున్న ఊళ్లలో బండమీద పఱచి గలగలలాడునట్లు ఎండబెట్టి చెత్తలో వేసినను సరియే. మడ్డితో తీసిన ఉప్పునీటిని ఇంటిలోని మురుగుతూములో పోయవలెను, వానకాలువలో పోయరాదు. పూలమొక్కల పాదులలోను పోయరాదు. కొబ్బరిచెట్టు మొదట ఉప్పు వేయు అలవాటు మనకున్నది గనుక అచ్చట పోయవచ్చునా అని మీలో ఒకరు అడుగవచ్చును. కొబ్బరి ఓర్చుకొనును గాని, అందులో నాచుముక్కలు లేకుండ గుడ్డతో వడగట్టి పోయుడు.